మోకాలి కింద సందు

"వదినా, ఆమె లేస్తలేదు," అన్నాడు మా మరిది.

పొద్దున పూట. నేను వాకిట్లో నీళ్లు చల్లుతున్నాను. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. గద్వాలలో మా వీధిలో అందరికంటే ముందు మొదలయ్యే మగ్గం చప్పుడు ఆ గోడ అవతలి నుంచే వస్తుంది. ఆ రోజు రాలేదు. చుట్టాలెవరో వచ్చి ఉంటారు, మాటల్లో పడి ఉంటుంది అనుకున్నాను. అంతలో మరిది చొక్కా గుండీలు పెట్టుకోకుండా వచ్చి నిలబడ్డాడు. ఆయన నా ముందుకు అలా రావడం ఎన్నడూ లేదు. చెంబు అక్కడే పెట్టేసి వెళ్లాను.

ఆమె ఒక పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. కసిరితే లేచేటట్టే ఉంది. నేను కసిరాను కూడా. నిద్రలో గుండె ఆగిపోయిందని, ఆమెకు తెలిసి కూడా ఉండదని డాక్టరు వచ్చి చెప్పాడు. ఆమెకు తెలియకుండా ఆ ఇంట్లో ఏదీ జరిగేది కాదు. ఇదొక్కటి జరిగింది.

పోయింది మా యారాలు. మిగతా జిల్లాల వాళ్లు తోడికోడలు అంటారు; నా మరిది భార్య. పేరు రాయను. రాస్తే ఊరుకునే మనిషి కాదు. "నా పేరు నేన్నేసిన చీరల మీదనే లేదు, నీ కాయితం మీద ఎందుకక్కా" అనేది.

దుఃఖం ఒక్కటే అయితే నాలోనే ఉంచుకునేదాన్ని. ఇది రాయడానికి కొంత కోపం కూడా కారణం. పలకరింపుకని వచ్చిన వాళ్లు చెప్పులు విడవకముందే ఒకటే మాట: "కాలికి కరెంటు పెట్టిచ్చుకున్నదంట గద. గదే గుండెకెక్కింది." నేను వనపర్తిలో ఆడపిల్లల బడిలో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సైన్సు పాఠాలు చెప్పిన మనిషిని. ఆ మాట అన్నవాళ్లలో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్లే. నేను చెప్పిన చదువు ఎంత బాగా వంటబట్టిందో ఆ రోజు తెలిసింది. అందుకని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆమెది అమరచింత. నేతవాళ్ల పిల్ల. నేను కొల్లాపూర్ వైపు మామిడితోటల మధ్య పుట్టినదాన్ని. పోగు తెగితే ముడి వెయ్యడం కూడా రాకుండా ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. ఆమె వచ్చిన కొన్నాళ్లకే మగ్గం గుంటలోకి కాళ్లు జార్చి కూర్చుంది. మా అత్తగారి ముఖంలో ఆ రోజు కనిపించిన నిశ్చింత, నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా కనిపించలేదు.

మా గద్వాల చీర సంగతి కొంచెం చెప్పాలి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ నూలునూ ఆ పట్టునూ పోగుకు పోగు మెలేసి కలపాలంటే ఒకే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. ఒకరు గుంటలో కాళ్లు పెట్టి తొక్కుతూ అడ్డపోగు నింపిన నాడె విసురుతారు. రెండోవారు పక్కన కూర్చుని అంచు పోగు అందుకుంటారు. తొక్కేది సాధారణంగా మగవాడే. వాళ్లింట్లో మాత్రం ఆమె తొక్కేది, మరిది అంచు చూసుకునేవాడు. వీధిలో నవ్వేవాళ్లు. ఆమె లెక్కచేసేది కాదు. "ఆయన కండ్లు మంచియి, నా కాళ్లు మంచియి. దీంట్ల నవ్వేదేమున్నది?" అనేది.

ఉద్యోగం నుంచి దిగినాక నా మధ్యాహ్నాలు ఆ మగ్గం పక్కనే గడిచాయి. నేను పేపరు చదివేదాన్ని, వాళ్లు నేసేవాళ్లు. ఏ వార్త ఆమెకు నచ్చిందో మగ్గమే చెప్పేది. నచ్చినది వస్తే తొక్కుడు మెల్లబడేది. నాయకుల ఉపన్యాసాలు వచ్చినప్పుడు చీర గబగబా ముందుకు సాగేది. "ఇంక జర చదువక్కా, గీ ముక్క అయిపోతది" అనేది.

ఆ మంచి కాలే చెడింది.

అయిజ దగ్గర చుట్టాలింట్లో దావత్‌కని మరిది బండి మీద ఇద్దరూ వెళ్లి వస్తున్నారు. రోడ్డు పక్కన మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఎదురుగా లారీ వస్తే మరిది బండిని పక్కకు తీశాడు. చక్రం మిరపకాయల మీద జారింది. ఆమె పడిపోకుండా ఎడమకాలు నేలకు ఆనించింది. ఒళ్లు ఒకవైపు తిరిగింది, మోకాలు ఉన్నచోటే ఉండిపోయింది. లోపల ఏదో టప్పుమన్నదట. కానీ మిరపకాయల్లో పడిన మనిషి కదా, ఒకటే తుమ్ములు, కళ్ల నీళ్లు. చుట్టూ చేరినవాళ్లు ముఖం మీద నీళ్లు చల్లారే తప్ప మోకాలి సంగతి ఎవరూ అడగలేదు. "ఘాటుకు ఏడుస్తున్ననో నొప్పికి ఏడుస్తున్ననో నాకే తెల్వకపాయె" అని తర్వాత చెప్పింది.

ముందు పసరు కట్టు కట్టించుకుంది. వాపు తగ్గింది, సంబరపడింది. కానీ గుంటలోకి దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ మోకాలు పక్కకు జారేది. ఎండాకాలం, వానాకాలం అలాగే నెట్టుకొచ్చింది. ఒకరోజు గుంట అంచున పట్టుతప్పి పడి, నేసిన బట్ట మీద చెయ్యి ఆనించింది. కాలు సంగతి చెప్పకుండా బట్ట నలిగిందని ఏడ్చింది. అప్పుడు నేనే వెంటపడి కర్నూలు తీసుకెళ్లాను. స్కానింగులో తేలింది, మోకాలి లోపలి లిగమెంటు తెగింది. దసరా వెళ్లినాక ఆపరేషన్ చేశారు. తొడ వెనక నుంచి సన్నటి నరంలాంటి కండర తాడు తీసి, తెగినచోట అమర్చారు.

"ఏ పోగుతోని అతికిన్రు సారూ?" అని అడిగింది డాక్టరును.

"మీదేనమ్మా. మీ తొడలోంచే తీసినం."

"మరి తీసినకాడ చిరుగు పడదా?"

డాక్టరు పెద్దగా నవ్వాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆమె తొడ మాత్రం నిద్రపోయింది. కాలు చాపి బిగించమంటే మోకాలి పైన కండ తడిసిన దూదిలా పడి ఉండేది. కాలు పూర్తిగా చాపుకునేది కాదు, కొంచెం వంగే ఉండేది. కర్ర పట్టుకుని బాత్రూముకు వెళ్లడమే గగనం. సగం నేసిన చీర మగ్గం మీదే ఉంది. మరిది రోజూ దానిమీద దుమ్ము దులిపి, తన చోట తను కాసేపు కూర్చుని లేచేవాడు. తొక్కడానికి ఇంకొకరిని పెట్టుకోమని అందరూ చెప్పారు. "వేరేటోళ్ల తొక్కుడు నాకు పొసగదు" అన్నాడు. ఆయన ఒక రోజులో మాట్లాడే మాటలన్నీ కలిపితే అంతే ఉంటాయి.

వాళ్ల కొడుకు మంచివాడు. తల్లి అంటే ప్రాణం. ఆ ప్రాణంతోటే ఒక పని చేశాడు. ట్రాక్టరెడు మొరం మట్టి తెప్పించి గుమ్మం ముందు పోయించాడు. మగ్గం గుంట పూడ్చేసి పైన బండలు వేయిస్తానన్నాడు.

"పెద్దమ్మా, జర నువ్వన్న చెప్పు," అన్నాడు నాతో. "మల్ల గుంటల దిగితే మల్ల పడ్తది. ఈ పాలి ఇరిగితే ఏం చేద్దం?"

లోపల మంచం మీది నుంచి ఆమె గొంతు వచ్చింది. "ఉగాది దాక ఆగు బిడ్డా. ఉగాదికి నా కాలు లేవకుంటే నువ్వే పూడ్చు. నేనే పక్కకు కూసోని చూస్త."

వాడు సరేనన్నాడు. మొరం కుప్ప గుమ్మం ముందే ఉండిపోయింది. ఆమె మంచం మీద నుంచి చూస్తే తలుపులోంచి నేరుగా అదే కనిపించేది.

అప్పుడు మా జీవితాల్లోకి వచ్చింది ఫిజియోథెరపీ మేడమ్. వనపర్తి అమ్మాయి. వారంలో కొన్ని రోజులు గద్వాలకు వచ్చి చిన్న గదిలో పేషెంట్లను చూసేది. నడవలేనివాళ్ల ఇళ్లకు తనే వెళ్లేది. సంచిలోంచి చేతిలో పట్టేంత మిషన్ తీసి, దాని తీగలకు జిగురు పట్టీలు తగిలించి, ఆమె తొడ మీద అంటించబోతూ ఆగింది.

"పెద్దమ్మా, గుండెల ఏమన్న మిషన్ పెట్టిన్రా మీకు? గుండె జబ్బు ఉన్నదని ఎవరన్న చెప్పిన్రా? ఉంటే ఇది పెట్టొద్దు."

"నా గుండెల మా ఆయన ఒక్కడే ఉన్నడు," అంది మా యారాలు. "ఆయనకు కరెంటు తగిలితే తగలనియ్యి, జర హుషారైతడు."

మరిది గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

మేడమ్ అంతటితో వదల్లేదు. ఆపరేషన్‌కు ముందు గుండె పరీక్ష చేసిన కాగితం అడిగి తీసుకుని చూసింది. అంతా సరిగ్గానే ఉంది. పలకరింపుకు వచ్చినవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలని కోరుతున్నాను.

మొదటిసారి కరెంటు వచ్చినప్పుడు చీమలు పాకినట్టు ఉందంది. మిషన్ కొంచెం పెంచగానే తొడ కండ గట్టిపడి, మోకాలి చిప్ప పైకి జరిగింది. పోయిన మనిషి తిరిగొచ్చినట్టు అందరం దాన్నే చూశాం. నేను నోరు ఊరుకోక పాత పాఠం తీశాను.

"కప్ప కాలు గూడ గిట్లనే ఎగురుతదే. బళ్లె పిల్లలకు చెప్పేదాన్ని."

"మల్ల కప్ప బతికిందా అక్కా?"

"లేదు. సచ్చిన కప్పనే."

"మరి ఆ సంగతి నాకెందుకు చెప్తున్నవ్?"

మేడమ్ నవ్వు ఆపుకుంటూ అసలు సంగతి చెప్పింది. "ఆపరేషన్ అయినంక మోకాలు వాస్తది, నొస్తది. అప్పుడు ఈ కాలును కదిలియ్యొద్దని లోపల్నుంచే తాళం పడ్తది. కండ మంచిగనే ఉంటది పెద్దమ్మా, కని మాట ఇనదు. కరెంటు పోయి దాన్ని తట్టి లేపుతది. అది లేశినప్పుడే మీరు గూడ బిగవట్టాలె. మీరు ఊకె పండుకుంటే, మిషన్ పని మిషన్‌దే అయితది, మీదేం కాదు."

"మంచోడే, కని మాట ఇనడు," అంది యారాలు మరిదివైపు చూస్తూ. "గసొంటియి నాకు అలవాటే."

అలవాటే అన్నది గానీ పని జరగలేదు. మిషన్ ఉన్నంతసేపు కండ లేచేది. మిషన్ ఆపి, నువ్వు బిగించు అంటే ఏమీ లేదు. ఆమె పళ్లు బిగించేది, పిడికిళ్లు బిగించేది, నుదుటికి చెమట పట్టేది. పిరుదు గట్టిపడేది, పిక్క గట్టిపడేది. మోకాలి పైన కండ మాత్రం కదిలేది కాదు. పాదం వేళ్లు మీదికి లాక్కొమ్మని మేడమ్ ఎన్నిసార్లు చెప్పినా, బిగించు అనగానే వేళ్లు కిందికే పోయేవి. రోజులు గడిచాయి. మొరం కుప్ప మీద గడ్డి మొలిచింది. ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఆమె తలుపు దగ్గరికి వేసుకుని పడుకుని ఉంది. ఆమె తలుపు వేసుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. "కుప్ప కనవడ్తున్నదక్కా," అంది. నోరు పెట్టుకుని బతికినదాన్ని, ఆ పూట ఆ నోరు దేనికీ పనికి రాలేదు.

మర్నాడు మేడమ్ వచ్చి ఆమె పాదం వైపే చాలాసేపు చూసి, "పెద్దమ్మా, మీ మగ్గం ఒకపాలి చూస్త," అంది. మరిది తీసుకెళ్లాడు. ఆ పిల్ల చున్నీ నడుముకు చుట్టుకుని గుంటలోకి దిగి కూర్చుంది. కాళ్ల కింద చెక్కలు తొక్కి చూసింది, ఒకటి, రెండోది, మళ్లీ ఒకటి. అక్కడి నుంచే గట్టిగా అరిచింది.

"పెద్దమ్మా, దొరికింది. మీరు కాలు బిగిస్తలేరు. మగ్గం తొక్కుతున్నరు."

అదీ సంగతి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆ కాలికి తెలిసిన పని ఒక్కటే. ఒత్తు అంటే వేళ్లతో కిందికి తొక్కడం. మంచం మీద చెక్క లేకపోయినా ఆ కాలు దాన్నే వెతుక్కుంటోంది.

మా యారాలు కాసేపు ఆలోచించింది. తర్వాత మరిదిని పిలిచింది. "ఒక నూలు పోగు తే." ఆ పోగు ఒక కొస ఎడమకాలి బొటనవేలికి కట్టించుకుంది, రెండో కొస తన చూపుడువేలికి చుట్టుకుంది. వేళ్లు కిందికి పోతే పోగు తెగుతుంది. "ఇప్పుడు బిగవట్టు అను," అంది మేడమ్‌తో.

మొదటిసారి పోగు తెగింది. కాలు సంగతి మరచిపోయి, అలవాటు చొప్పున తెగిన కొసలు రెండూ దగ్గరికి తెచ్చి అతకడం మొదలుపెట్టింది. మేడమ్ చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. కానీ నేతపనివాళ్లకు పోగు తెగడం ఒంటికి దెబ్బ తగిలినట్టే. కాలు నొప్పిని ఓర్చుకున్న మనిషి, పోగు తెగడాన్ని ఓర్చుకోలేకపోయింది. నాలుగైదు పోగులు పోయాక వేళ్లు మీదికి నిలబడ్డాయి.

ఇంక మిగిలింది బిగించి పట్టుకోవడం. అదీ మగ్గం దగ్గరే దొరికింది. మరిది అంచు పోగు మెలేసేదాకా ఆమె కాలు తీయకుండా తొక్కి పట్టుకోవాలి. ఆయన "ఊఁ" అంటేనే వదలాలి. ఇన్నేళ్ల కాపురంలో వాళ్లిద్దరి మధ్య ఎక్కువగా నడిచిన సంభాషణ ఆ "ఊఁ" ఒక్కటే. మరిది మంచం పక్కన, మగ్గం మీద తను కూర్చునే వైపే కూర్చున్నాడు. కరెంటు వచ్చి కండ లేవగానే గాలిలోనే అంచు పోగు అందుకున్నట్టు చేతులు కదిపేవాడు. ఆమె కళ్లు మూసుకుని తొడ బిగించి పట్టుకునేది. కరెంటు తగ్గుతుండగా ఆయన "ఊఁ" అనేవాడు. ఆమె వదిలేది. చీర లేదు, మగ్గం లేదు. ఇద్దరూ మంచం మీద నేసేవాళ్లు. చూస్తున్న నాకు నవ్వు రావలసింది. రాలేదు.

కొన్నాళ్లకు మిషన్ ఆపినా కండ లేచింది. మేడమ్ చెయ్యి వేసి చూసి, ఆమె బుగ్గ గిల్లింది.

నాకూ ఒక పని అప్పగించారు. కాలు చాపి పడుకుంటే మోకాలి వెనక భాగం పరుపుకు ఆనాలి. ఆనకపోతే కింద సందు ఉంటుంది. ఆ సందులో చెయ్యి దూర్చి చూడాలి. పొద్దున్నే నేను వెళ్లగానే ఆమె మొదటి మాట, "దూరిందా అక్కా?"

మొదట్లో గాజులతో సహా చెయ్యి అవతలికి వెళ్లిపోయేది. "ఎడ్లబండి పోతది," అనేదాన్ని. "నీ నోట్ల మన్నువడ," అనేది. తర్వాత అరచెయ్యి పట్టడం కష్టమైంది. తర్వాత వేళ్లు మాత్రమే. ఒకరోజు వేలి కొసలు కూడా వెళ్లలేదు.

"దూరలేదే," అన్నాను.

"మల్లొకపాలి సూడు. నీకు కండ్లు సరిగ కనవడవు."

"చేత్తోని చూస్తున్ననే, కండ్లతోని కాదు."

మళ్లీ చూశాను. దూరలేదు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మిరపకాయల్లో పడ్డప్పుడు కూడా అంత ఏడ్చి ఉండదు.

ఉగాదికి కొన్నాళ్ల ముందు మేడమ్ ఒప్పుకుంది, కొద్దికొద్దిగా మొదలుపెట్టమని. మరిది దూలానికి తాడు కట్టాడు, పట్టుకుని దిగడానికి. నేను చూద్దామని వెళ్తే నన్ను తరిమేసింది. "నువ్వు ఇంటికి పో అక్కా. నువ్వు సూస్తుంటె నాకు పరీక్ష లెక్కుంటది." ఇంటికి వచ్చి, గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. ఎవరైనా చూస్తే ముసలిదానికి మతి పోయిందనుకునేవాళ్లు. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత చెక్క చప్పుడు, ఒక్కటే. ఆగింది. మళ్లీ రెండోది. ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి, మెల్లగా, సరిగ్గా. మధ్యలో మరిది "ఊఁ" కూడా వినపడింది.

కాసేపటికి ఆమె గొంతు వీధి చివరిదాకా పోయేలా లేచింది. "ఆ మొరం తీపియ్యి దర్వాజ ముంగటికెంచి. కుక్కలకు పరుపేశినవ్."

కొడుకు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాడు. ఆ సాయంత్రానికే మొరం వీధిలో గుంతల్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె మా వీధికి మోకాళ్ల డాక్టరైంది. ఎవరు నొప్పి అన్నా, "కరెంటు కండను ఎగిరిస్తది. లేశేది మనమే" అనేది. నాగర్‌కర్నూల్ నుంచి కబడ్డీ ఆడే పిల్ల ఒకతె అదే ఆపరేషన్ చేయించుకుని, మేడమ్ గదిలో కూర్చుని ఏడుస్తుంటే, తన దగ్గరున్న పోగు తీసి ఆ పిల్ల బొటనవేలికి తనే కట్టింది. "ఇది తెగిందంటె నా చీరనే చింపినట్టు," అని బెదిరించింది. ఆ పిల్ల ఏడుపు మాని కాలి వేళ్లు చూసుకుంటూ కూర్చుంది.

ఏడాదికి పైగా నేసింది. మిషన్ పని అయిపోయి కూడా అంతకాలమైంది. ఆ తర్వాత ఒక్కసారి కూడా దాన్ని ముట్టింది లేదు. గుండెకూ దానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు, నేను చెబుతున్నాను. మంచి కాలితో, మంచి నిద్రలో పోయింది. అంతే. కాలి గురించి మాకు అన్నీ తెలుసు. ఏ కండ లేచిందో, ఎంత వంగిందో రోజూ చూసుకున్నాం. గుండె ఎలా ఉందని మధ్యలో ఒక్క పూటైనా ఎవరమూ అడగలేదు. అదీ ఎన్నడూ ఏమీ చెప్పలేదు.

ఆ రోజు మేడమ్ వచ్చింది. కబురు తెలిసి, వేరే పేషెంటు ఇంటికి వెళ్తున్నదల్లా సంచితో సహా వచ్చేసింది. కానీ గుమ్మం బయటే ఆగిపోయింది. లోపల ఆడవాళ్ల మాటలు ఆమె చెవిన పడ్డాయి. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"పెద్దమ్మా, నా మిషన్‌తోనే పోయిందంటున్నరు."

"వాళ్లకు సైన్సు చెప్పింది నేనే. తప్పు నాది, నీది కాదు. నడువు లోపలికి," అన్నాను, లోపల కూర్చున్నవాళ్లందరికీ వినపడేలా. ఆ తర్వాత ఆ మాట ఎవరి నోటి నుంచీ రాలేదు. కనీసం నా ముందు రాలేదు. మేడమ్ వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. సంచి పక్కన పెట్టుకుంది. మిషన్ ఆ సంచిలోనే ఉంది. పెడితే ఆ కండ ఇంకా ఎగిరేదేమో. నా కప్ప పాఠం నాకే గుర్తొచ్చింది. ఎగరడం వేరు, లేవడం వేరు. ఆ తేడా చెప్పిన మనిషే పడుకుని ఉంది.

ఇప్పుడు గోడ అవతల చప్పుడు లేదు. ఒక చీర సగంలో ఉంది. మరిది రోజూ తన చోటనే కూర్చుంటున్నాడు, ఆమె వైపు ఖాళీ వదిలిపెట్టి. కొడుకు గుంట పూడ్చే మాట ఎత్తడం లేదు. పైగా మొన్న తనే దాంట్లో దిగి, చెక్కల మీది దుమ్ము తుడిచాడు. నేను పేపరు తీసుకుని వెళ్తున్నాను. చదువుతున్నాను. ఏ వార్త బాగుందో చెప్పేవాళ్లు లేరు.

ఆ రోజు స్నానం చేయించి, పసుపు రాసి, చాప మీద పడుకోబెట్టాం. కాళ్లు చాపాం. రెండు బొటనవేళ్లూ కలిపి కట్టాలి, దారం ఏదని ఎవరో అడిగారు. మరిది లేచి మగ్గం దగ్గరికి వెళ్లి, నూలు పోగులు కొన్ని కలిపి పేని తెచ్చాడు. తనే కట్టాడు. తెగకుండా, బిగుసుకోకుండా, జాగ్రత్తగా కట్టాడు. కట్టడం అయ్యాక కూడా చెయ్యి తీయలేదు. చాలాసేపటికి "ఊఁ" అన్నాడు.

ఆడవాళ్లు కొత్త చీర కప్పడానికి తెచ్చారు. కప్పేలోపల, ఎందుకో నాకు తెలియదు, అలవాటు కావచ్చు, నేను వంగి ఆమె ఎడమ మోకాలి కింద చెయ్యి పెట్టి చూశాను.

ఆమె ఏమీ అడగలేదు. నేనే చెప్పాను.

"దూరలేదే."